చమురు బావికొక సంఖ్య

నరసరావుపేట, గురజాల, మాచెర్ల ప్రాంతములందు ఒక పొలమును మనము రెండు విధములుగా పేర్కొందుము. ఇంటిలో అది చింతచెట్టు చేను. రిజిస్ట్రారు కచేరిలో అది సర్వే నంబరు. చింతచెట్టు కూలవచ్చును, చేను చేతులు మారవచ్చును. దస్త్రమందలి సంఖ్యయే ఆ నేల కానవాలు. అన్నదమ్ములు పంచుకొన్నచో దాని ప్రక్కన గీత గీసి 1, 2 అని చేర్తురు. ఇటీవలి రీసర్వేలో క్రొత్త సంఖ్యలు వచ్చిన గ్రామములందు సైతము పాత సంఖ్యతో పొత్తు చూచుకొనక తప్పదు. పలనాడు చమురు బావుల సీమ కాదు. ఐనను ఆ బావులకు సంఖ్య లిచ్చు పద్ధతిని గ్రహించుటకు ఈ సర్వే నంబరే మనకు చక్కని దారి.

1859లో అమెరికాలోని టైటస్‌విల్లు వద్ద డ్రేకు చమురు బావి తొలిపించినపుడు సంఖ్యతో పని లేకుండెను. అతని పేరే బావికి పేరయ్యెను. పిమ్మట బావులు వేలకొలది పడినవి. భూస్వామి పేరునకు వరుస సంఖ్య చేర్చి పిలువసాగిరి. కాని ఒకే పేరుగల భూస్వాములు పలువురు. బావిని కొన్న సంస్థ పేరు మార్చుటయు గలదు. ఏ కాగితము ఏ బావిదో తెలియని చిక్కు ఏర్పడెను.

ఈ చిక్కు బాపుటకై 1960 దశకమున అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూటు వారు ఒక విధానమును రూపొందించిరి. అందు మొదటి రెండంకెలు రాష్ట్రమును దెలుపును, టెక్సాసునకు 42. తరువాతి మూడంకెలు కౌంటీకి, అనగా మన జిల్లావంటి దానికి. పిమ్మటి ఐదును బావికి. అదే బావినుండి నేల లోపల ప్రక్కకు వేరొక రంధ్రము తొలిచినచో మఱి రెండంకెలు చేరును. మన సర్వే నంబరు ప్రక్క గీతవంటిదే యిది. పశ్చిమ కెనడా వారు భూమి సర్వే లెక్కనే బావి సంఖ్యలో ఇమిడ్చిరి. సంఖ్య చదివినంతనే బావి అడుగు ఏ భూభాగము క్రింద నున్నదో తెలియును.

మన దేశమున సామాన్యముగా ఊరి పేరునకో, చమురు క్షేత్రము పేరునకో వరుస సంఖ్యను జోడింతురు. కృష్ణా గోదావరీ తీరమందలి నరసాపురము-1 అట్టిదే. కోనసీమయందలి పాశర్లపూడి-19 అను పేరు మాత్రము తెలుగువారు మరువజాలనిది. 1995 జనవరి 8న ఆ బావినుండి వాయువు పెల్లుబికి మంటలు లేచెను. 65 దినములు అవి ఆరలేదు. చుట్టుపట్ల జనులు ఇండ్లు విడిచి పోవలసివచ్చెను.

అట్టి వేళ బావి లోతెంత, లోన దింపిన ఉక్కు గొట్టము లెట్టివి, ఏ పొరయందు ఒత్తిడి ఎంత అను వివరములు వెంటనే కావలెను. అవన్నియు బావి పేరు, సంఖ్యల క్రిందనే భద్రమై యుండును. పందొమ్మిదవ బావి కాగితములకు మారుగా పదునెనిమిదవ దాని కాగితములు చేతికి వచ్చినచో ఏమగునో ఊహింపవచ్చును.

బావి ఒట్టిపోయి మూతపడిన పిమ్మట సంఖ్య అవసరము మఱింత హెచ్చును. మూసిన బావి పైకి కనబడదు. దానిపై రేపు పైరు వేయవచ్చును, ఇల్లు కట్టవచ్చును. సరిహద్దు రాతిని పెకలించుట తగదని పలనాటి రైతునకు ఎవరును చెప్పనక్కరలేదు. బావి సంఖ్యను సైతము మనము అంత పదిలముగా కాపాడుకొనవలెను.