క్రిస్మస్‌కు పది వారాల ముందు

ఇంగ్లండ్‌లోని స్విండన్ పట్టణంలో ఫేర్‌పాక్ అనే కంపెనీ ఉండేది. జనం దగ్గర క్రిస్మస్ కోసం డబ్బు కూడబెట్టించడమే దాని వ్యాపారం. ఏడాది పొడుగునా వారం వారం కొద్ది పౌండ్లు కట్టుకుంటూ పోతే, పండుగ ముందు తిండి సామాన్ల బుట్ట, పిల్లల బొమ్మలు కొనుక్కునే వోచర్లు ఇంటికి వచ్చేవి. మన వీధుల్లో సంక్రాంతి చీటీలూ, దీపావళి టపాసుల చీటీలూ నడిచే పద్ధతే అది.

కట్టినవాళ్లలో చాలామంది చిన్న జీతాల మీద, పింఛన్ల మీద బతికేవాళ్లు. డిసెంబరులో అప్పు చేసి, మళ్లీ వేసవి దాకా వడ్డీ కట్టడం ఇష్టంలేక ముందునుంచే దాచుకున్నారు. ఆ పథకంలో వడ్డీ కూడా లేదు. కాబట్టి ఆశకు పోయి మునిగారని వాళ్లను ఎవరూ అనలేరు. జాగ్రత్తగా ఉండేవాళ్లే మునిగిపోయారు.

డబ్బు వసూలు చేసే ఏజెంట్లు కూడా పరాయివాళ్లు కారు. పక్కింటావిడ, సొంత అక్క, ఫ్యాక్టరీలో తోటి పనివాడు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, నాణేలు లెక్కపెట్టుకుని, కార్డులో ఆ వారం గడి నింపి వెళ్లేవాళ్లు. కంపెనీ మొహం ఎవరూ చూడలేదు, ఆ మనిషిని చూసే ఇచ్చారు.

ఇంతలో ఫేర్‌పాక్ మాతృసంస్థ పుస్తకాలమ్మే వ్యాపారమొకటి పెద్ద ధరకు కొని చేతులు కాల్చుకుంది. బ్యాంకు అప్పు మెడకు చుట్టుకుంది. 2006 ఆగస్టులో స్టాక్ ఎక్స్ఛేంజిలో దాని షేర్ల లావాదేవీలు ఆగిపోయాయి. వారానికింత కట్టే ముసలమ్మకు ఆ కబురు ఎవరు చెప్తారు? సెప్టెంబరులోనూ వసూళ్లు సాగాయి. అక్టోబరు 13న ఫేర్‌పాక్ కూలింది. లక్షకు పైగా కుటుంబాలవి 4 కోట్ల పౌండ్లకు దగ్గరగా పోయాయి.

అది బ్యాంకు డిపాజిట్ కాదు గనుక ప్రభుత్వ హామీ వర్తించలేదు. ఆ సొమ్మును విడి ఖాతాలో భద్రంగా ఉంచనూ లేదు. కట్టినవాళ్లంతా అప్పులవాళ్ల వరుసలో చివరికి పోయారు. అందరికన్నా నాకు ఏజెంట్ల గతే ఎక్కువ బాధ కలిగిస్తుంది. వాళ్ల సొంత డబ్బూ పోయింది. అది చాలదన్నట్టు, తమను నమ్మి ఇచ్చిన ఒక్కొక్క గుమ్మం ముందూ నిలబడి, మీ డబ్బు లేదని చెప్పాల్సి వచ్చింది.

దాతలు ఇచ్చిన విరాళాలతో ఆ క్రిస్మస్‌కు కొంత సాయం అందింది. డైరెక్టర్ల మీద ప్రభుత్వం వేసిన కేసు 2012లో వీగిపోయింది. మోసం చేశారని ఎవరికీ శిక్ష పడలేదు. అయితే కంపెనీకి అప్పిచ్చిన హెచ్‌బీఓఎస్ బ్యాంకు తీరును జడ్జి కోర్టులోనే తప్పుబట్టారు. ఆ బ్యాంకును అప్పటికే కొనుక్కున్న లాయిడ్స్ 80 లక్షల పౌండ్లు ఇచ్చింది. ఎన్ని కలిపినా పోయినదానిలో దాదాపు సగమే తిరిగొచ్చింది. ఈలోగా కట్టినవాళ్లలో కొందరు కన్నుమూశారు. ఇలాంటి పొదుపు సొమ్ముకు రక్షణ తప్పనిసరి చేస్తూ బ్రిటన్ పార్లమెంటు చట్టం చేసింది 2024లో.

మన దగ్గర చిట్‌ఫండ్ చట్టం 1982లోనే వచ్చింది. రిజిస్టరైన చీటీకి నిర్వాహకులు ముందే రిజిస్ట్రార్ దగ్గర పూచీ పెట్టాలి. నోటిమాట మీద నడిచే పండుగ చీటీకి ఆ పూచీ ఉండదు. ఈసారి చీటీ కట్టేముందు వసూలు చేసే అక్కనే అడగండి: రిజిస్ట్రేషన్ ఉందా, డబ్బు ఎవరి పేరున ఏ ఖాతాలో ఉంది, రసీదు ఇస్తారా అని. ఆవిడ నొచ్చుకుంటుందని ఊరుకోకండి. చీటీ మునిగితే వీధి ముందు నిలబడాల్సింది ఆవిడే, అందుకే ఆవిడ కోసమైనా అడగండి.