సిమెంటు గాదెల్లో ఆఫీసు



మూతపడిన మిల్లులు, తుప్పుపట్టిన షెడ్లు మీరు చూసే ఉంటారు. వాటి పక్కగా వెళ్లేటప్పుడు, వీటిని ఎప్పుడు కూలుస్తారో అనుకుంటాం. అలాంటి ఒక కట్టడాన్ని కొంత కూల్చి, కొంత నిలబెట్టుకున్నవారి కథ ఈవేళ మీకు చెబుతాను. ఇది స్పెయిన్ దేశంలో, బార్సిలోనా నగరాన్ని ఆనుకుని ఉన్న సాన్ జుస్ట్ దెస్వెర్న్ అనే ఊరిలో జరిగింది.

అక్కడ 20వ శతాబ్దం తొలి దశాబ్దాల నాటి సిమెంటు ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. దాన్ని ఒక్కసారిగా కట్టలేదు. పని పెరిగిన కొద్దీ ఒక్కో భాగం చేర్చుకుంటూ పోయారు. ముప్పైకి పైగా సైలోలు లేచాయి. సైలో అంటే మరేమీ కాదు, మన ధాన్యపు గాదె వంటిదే. కాకపోతే కాంక్రీటుతో కట్టింది, చాలా ఎత్తైనది. వాటి కింద సొరంగ మార్గాలు, పక్కన యంత్రశాలలు ఉండేవి.

1973లో రికార్డో బోఫిల్ అనే వాస్తుశిల్పి ఈ ఫ్యాక్టరీని చూశారు. అప్పటికి ఆయనకు 35 ఏళ్లు నిండలేదు. 1963లోనే ఆయన ఒక వాస్తుశిల్ప సంస్థను స్థాపించారు. అందులో ఇంజనీర్లతో పాటు గోయ్తిసోలో అనే కవి కూడా సభ్యుడు. ఆ సంస్థకు ఆఫీసుగా ఈ పాడుబడ్డ ఫ్యాక్టరీనే ఎంచుకున్నారు.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. పని మొదలైంది కట్టడంతో కాదు, తీసివేయడంతో. డైనమైటుతో, డ్రిల్లింగు యంత్రాలతో ఏడాదిన్నరకు పైగా కూల్చారు. చివరికి ఎనిమిది సైలోలు మిగిలాయి. తరువాత చెట్లు నాటారు. యూకలిప్టస్, ఆలివ్, తాటిజాతి చెట్లు పెంచి, గోడల మీదికి తీగలు పాకించారు. ఆ తరువాతే గుడ్డిగోడలకు కిటికీలు తెరిచి, లోపల ఆఫీసులు, గ్రంథాలయం, నమూనాలు చేసే గది అమర్చారు. పెద్ద యంత్రశాల సభలకూ సంగీత కచేరీలకూ హాలయింది. పక్కనే, అదే ఫ్యాక్టరీ స్థలంలో, 1975లో 446 ఇళ్ల భవనం కూడా పూర్తయింది. బోఫిల్ అక్కడే కాపురమున్నారు. 2022లో మరణించేదాకా ఆ కట్టడానికి మార్పులు చేస్తూనే వచ్చారు. ఫ్యాక్టరీ పెరిగిన తీరులోనే ఆఫీసూ పెరిగిందన్నమాట.

అయితే ఈ కథను సాధారణంగా 1973 నుంచే మొదలుపెట్టి చెబుతారు. అంతకుముందు ఆ గాదెల్లో సిమెంటు నింపిన కూలీల మాట అరుదుగా వస్తుంది. ఇది మనకు కొత్త సంగతి కాదు. 1982 జనవరి 18న అప్పటి బొంబాయిలో బట్టల మిల్లుల సమ్మె మొదలైంది. పని మానిన సుమారు రెండున్నర లక్షల మందిలో తెలంగాణ నుంచి వెళ్లిన మన నేత కుటుంబాల వారూ ఉన్నారు. తరువాత ఎన్నో మిల్లులు మూతపడ్డాయి. వాటి స్థలాల్లో ఆఫీసులు, దుకాణ సముదాయాలు లేచాయి. గోడలు కొన్నిచోట్ల మిగిలాయి, పొగగొట్టాలూ మిగిలాయి. లోపల మగ్గం నడిపినవారి పేర్లు ఎన్ని మిగిలాయో మీరే ఆలోచించండి.

మీ ఊళ్లో పాత మిల్లు ఉంటే, అందులో పనిచేసిన పెద్దలను కూర్చోబెట్టి అడగండి. ఏ గదిలో ఏ యంత్రం తిరిగేది, పొద్దున్న కూత ఎన్ని గంటలకు వేసేవారు, కూలి ఎంత ఇచ్చేవారు. పిల్లలచేత ఒక నోటుపుస్తకంలో రాయించండి. గోడను నిలబెట్టడానికి డబ్బు కావాలి, అది మన చేతిలో లేకపోవచ్చు. ఈ పనికి మాత్రం ఒక సాయంత్రం చాలు.