మూసీ వరదలు: ఇంటి స్థలానికి నీటి హద్దు

1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. అఫ్జల్‌గంజ్ వద్ద ఒక చింతచెట్టు నెక్కి సుమారు నూటయాభైమంది బ్రతికి బయటపడ్డారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నేటికీ నిలిచి ఉంది.

నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై 1909లో వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య విచారణలో ఒక విషయం తేలింది. ఎగువ పరీవాహక ప్రాంతంలోని 788 చెరువుల్లో 221 తెగిపోయాయి. అంటే నగరంపై పడినది నది నీరు మాత్రమే కాదు, గండిపడిన చెరువుల నీరు కూడా. ఆయన సూచనల ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. అవి ముప్పును తగ్గించాయే తప్ప తొలగించలేదు. జలాశయం నిండితే గేట్లు ఎత్తక తప్పదు. 2025 సెప్టెంబరులో అలా విడిచిన నీటితో మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో ప్రవేశించింది.

నదికి దూరంగా ఉన్న ఇళ్ల సంగతి వేరు. తెలంగాణ రెవెన్యూ రికార్డుల్లో ‘శిఖం’ అనే మాట ఉంది. చెరువు నిండినపుడు మునిగి, నీరు తీసినపుడు సాగుకు వచ్చే భూమి అది. ముంపును గూర్చిన అంచనా ఆ ఒక్క మాటలోనే ఇమిడి ఉంది. రైతు అక్కడ పంట వేశాడుగాని ఇల్లు కట్టలేదు. నగరం పెరిగేకొద్దీ అటువంటి భూములెన్నో ప్లాట్లయ్యాయి. దస్తావేజులో నాలుగు దిక్కుల హద్దులూ వ్రాసుకున్నారు. నీటి హద్దును మరచారు. 2020 అక్టోబరు వానలకు పల్లెచెరువు, గుర్రంచెరువు కట్టలు తెగి దిగువ కాలనీలు మునిగినపుడు ఆ మరపు మూల్యం తెలిసివచ్చింది.

‘నూరేళ్ల వరద’ అంటే నూరేళ్లకొకసారి వచ్చేదని పలువురి భావన. నిజానికి అది ఏ ఏటనైనా నూటికొక పాలు రాగల వరద. ముప్పయ్యేళ్ల గృహరుణం తీరేలోగా ఆ ఇంటిని అది ఒక్కసారైనా తాకే అవకాశం నూటికి ఇరవైఆరు పాళ్లు. ఈ లెక్క కూడా గతకాలపు వర్షపాతంపై ఆధారపడినదే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం అధికంగా తేమను ఇముడ్చుకోగలదు. కనుక రానున్న కుండపోతలకు 1908 నాటి లెక్కలు ఆఖరు హద్దు కాజాలవు.

పాత రికార్డు ఒక్కటే చాలదు. అలాగని అది లేకుండా ఏ కొత్త అంచనా కూడా నిలువదు. శిఖం నమోదు, చెరువు పూర్తి నిల్వ మట్టం, వాననీటి దారి — ఈ మూడూ విక్రయ పత్రంలో చేరిననాడు, కొనేవాడికి తన స్థలంతోపాటు దాని చరిత్ర కూడా తెలిసివస్తుంది.