పద్నాలుగో బిడ్డ

డిసెంబరు 4 దగ్గర పడుతోందంటే విశాఖ ఆర్కే బీచ్‌లో సందడి మొదలవుతుంది. నేవీ డే విన్యాసాలు చూడ్డానికి జనం ఎండ తగ్గకముందే ఇసకలో చోటు పట్టుకుంటారు. పత్రికల వాళ్లకూ అదే సీజను. ‘నేవీ మీద ఏదైనా రాయండి, బీచ్‌లో ఉన్న కురుసుర జలాంతర్గామి గురించి మాత్రం వద్దు, ఏటా అదే వేస్తున్నాం’ అని ఫోను. గడువు గురువారం. నాకేం, మంచిదే అయింది. అదే వారంలో వచ్చే ఇంకో తారీకు మీద నాకు ఎప్పటినుంచో మనసుంది. డిసెంబరు 1. ఆ రోజు ఆస్ట్రేలియా నేవీది. అసలు మాట చెప్పాలంటే, టాస్మేనియాలోని ఒక కూలివాడి కుటుంబానిది.

ముందు పెద్ద చరిత్ర కాస్త కానిచ్చేద్దాం. 1788లో తెల్లవాళ్లు దిగిన దగ్గర్నుంచి నూరేళ్లకు పైగా ఆ ఖండం చుట్టూ కాపలా బ్రిటిష్ ఓడలదే. కాలనీలకు సొంతంగా ఉన్నవి కొన్ని చిన్న తుపాకీ పడవలు, ఒకటీ అరా ఇనప తొడుగు ఓడలు. 1901లో కాలనీలన్నీ ఒక దేశమయ్యాయి. 1911లో నౌకాదళానికి ‘రాయల్’ అన్న బిరుదు దక్కింది. 1913 అక్టోబరులో కొత్త ఓడలు బారులు తీరి సిడ్నీ రేవులోకి వచ్చాయి. మరుసటి ఏడే యుద్ధం. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టిన జర్మన్ ఓడ ఎమ్‌డెన్‌ను నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర మట్టి కరిపించింది ఆస్ట్రేలియా వాళ్ల సిడ్నీ ఓడే. మద్రాసు అప్పటికి మన జిల్లాలకూ రాజధానే కాబట్టి, ఆ లెక్కన వాళ్లకి మనం కొంచెం బాకీ.

రెండో యుద్ధంలోనూ ఆ బంధుత్వం ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. బంగాళాఖాతంలోకి, సింహళం వైపుకి ఒకేసారి విరుచుకుపడ్డ ఆ దాడిలోనే, మూడు రోజుల తర్వాత, ఏప్రిల్ 9న, బట్టికలోవా తీరం దగ్గర బ్రిటిష్ విమానవాహక నౌక హెర్మెస్‌తో పాటు ఆస్ట్రేలియా డిస్ట్రాయర్ వాంపైర్ కూడా మునిగిపోయింది.

ఇంకో బంధం కార్వెట్‌లది. యుద్ధంలో ఆస్ట్రేలియా తన రేవుల్లోనే 60 చిన్న ఓడలు కట్టుకుంది. పొడవు 57 మీటర్లు, వేగం పదిహేను నాట్లు. మందుపాతరలు ఏరడం, సరుకు ఓడలకు తోడు వెళ్లడం, మనుషుల్ని దించడం, ఎక్కించడం, ఎవరూ చెయ్యని చాకిరీ అంతా వాటిదే. వాటిల్లో నాలుగు మన నేవీకి వచ్చాయి: బొంబాయి, మద్రాస్, బెంగాల్, పంజాబ్. ఆ బెంగాలే 1942 నవంబరు 11న హిందూ మహాసముద్రంలో, డచ్ ట్యాంకర్ ఒండినాతో కలిసి, తనకన్నా ఎన్నో రెట్లు పెద్దవైన రెండు జపాన్ ఓడల్ని ఎదిరించింది. వాటిలో ఒకటి మునిగింది కూడా. బెంగాల్‌కు తోబుట్టువైన మరో కార్వెట్ పేరు ఆర్మిడేల్. న్యూ సౌత్ వేల్స్‌లోని ఒక ఊరి పేరు అది. దాని వంతు ఇరవై రోజుల్లో వచ్చింది.

ఇక మన కథ. 1923 డిసెంబరు 28న టాస్మేనియాలో లోయర్ బారింగ్టన్ అనే పల్లెలో జేమ్స్ షీయన్, మేరీ జేన్ దంపతులకు పద్నాలుగో బిడ్డ పుట్టాడు. ఎడ్వర్డ్ అని పేరు పెట్టి టెడ్డీ అని పిలిచారు. కాపురం తర్వాత లాట్రోబ్ ఊరికి మారింది. కుర్రాడు ఊళ్లో క్యాథలిక్ బడిలో చదివి, చుట్టుపక్కల పొలాల్లో దొరికిన పనల్లా చేశాడు. అన్నలు అయిదుగురు అప్పటికే సైనిక దుస్తుల్లో ఉన్నారు: నలుగురు పదాతి దళంలో, ఒకడు నేవీలో. 1941 ఏప్రిల్ 21న టెడ్డీ హోబర్ట్ వెళ్లి నేవీలో చేరాడు. హోదా ఆర్డినరీ సీమన్. అంటే అట్టడుగు మెట్టు.

1942 మేలో అతన్ని సిడ్నీ పంపారు. గార్డెన్ ఐలండ్ దగ్గర కట్టేసి ఉన్న కుట్టబుల్ అనే పాత ఫెర్రీ పడవలో బస. ఇంటికి వెళ్లిరావడానికి సెలవు దొరికింది, వెళ్లాడు. అతను ఇంట్లో ఉండగానే, మే 31 రాత్రి జపాన్ బుల్లి జలాంతర్గాములు సిడ్నీ రేవులోకి చొరబడ్డాయి. అవి వదిలిన టార్పెడో దెబ్బకి కుట్టబుల్ మునిగి 21 మంది నావికులు పోయారు. అమ్మను చూడ్డానికి వెళ్లి బతికాడన్నమాట. మన ఊళ్లలోనైతే ‘గండం గడిచింది’ అని దిష్టి తీసేవారు. జూన్‌లో అతను ఆర్మిడేల్ ఎక్కాడు, ఓయర్లికాన్ విమాన విధ్వంసక తుపాకీకి గుండ్లు అందించే పని మీద.

ఆ తుపాకీ గురించి కాస్త చెప్పాలి. ఓయర్లికాన్ 20 మిల్లీమీటర్లది. కాల్చేవాడు దాని భుజం ఆనింపుల మధ్య దూరి, నడుముకి పట్టీ బిగించుకుంటాడు. గొట్టం ఎటు తిరగాలన్నా మనిషి ఒళ్లంతా అటు తిరగాలి, ఆకాశం వైపు ఎత్తాలంటే మోకాళ్లు వంచి కిందికి దిగాలి. పైన గుండ్రటి డ్రమ్ములో 60 గుండ్లు. ఆపకుండా కాలిస్తే పది సెకన్లయినా రావు. అవి అయిపోగానే డ్రమ్ము మార్చడం పక్కవాడి పని. టెడ్డీ ఆ పక్కవాడు.

నవంబరు 29న ఆర్మిడేల్, కాసిల్‌మైన్ అనే మరో కార్వెట్ డార్విన్ నుంచి తిమోర్‌కి బయల్దేరాయి. జపాన్ ఆక్రమణలో ఉన్న ఆ దీవి కొండల్లో ఆస్ట్రేలియా గెరిల్లా దళం ఒకటి ఇంకా పోరాడుతోంది. దాన్నీ, పోర్చుగీసు శరణార్థుల్నీ బయటికి తేవాలి, డచ్చివాళ్ల సైనికుల్ని దించాలి. దారిలోనే విమానాలు వెంటపడ్డాయి. బెటానో తీరానికి చేరేసరికి ఆలస్యమైంది. తెల్లారాక శరణార్థులు కాసిల్‌మైన్ ఎక్కారు, అది డార్విన్ దారి పట్టింది. ఆర్మిడేల్ మాత్రం వెనక్కి మళ్లి, దించాల్సిన సైనికుల్ని దించి రావాలని ఆదేశం. తోడు లేదు, పైన సొంత విమానం లేదు. ఆదేశం ఇచ్చినవాళ్లకి ఆ సంగతి తెలుసు.

డిసెంబరు 1 మధ్యాహ్నం పదమూడు విమానాలు వచ్చాయి. ఓడ అటూ ఇటూ మెలికలు తిరిగి చాలాసేపు తప్పించుకుంది. మూడు దాటాక ఎడమ పక్కన రెండు టార్పెడోలు తగిలాయి, తర్వాత వెనక భాగంలో బాంబు. ఓడ ఒరిగిపోతోంటే వదిలి దూకెయ్యమని ఆజ్ఞ. నీళ్లలో ఉన్నవాళ్ల మీద విమానాలు మర తుపాకులు కాల్చడం మొదలుపెట్టాయి. టెడ్డీ ఒక తెప్పను విప్పి నీళ్లలోకి దించడానికి సాయపడ్డాడు. అతనూ దూకెయ్యాల్సిందే. దూకలేదు, తుపాకీ దగ్గరికి తిరిగి వెళ్లాడు. అప్పటికే ఛాతీకీ వీపుకీ గాయాలు. పట్టీ బిగించుకుని కాల్చాడు. ఒక బాంబర్ కూలింది. మిగతావి నీళ్లలో ఉన్నవాళ్ల మీదికి రాకుండా అడ్డుకున్నాడు. నీళ్లు డెక్కు మీదికి వచ్చాక, ఓడతో పాటు కిందికి పోతూ కూడా ఆ తుపాకీ పేలుతూనే ఉందని బయటపడ్డవాళ్లు చెప్పారు. పందొమ్మిది నిండడానికి ఇంకా 27 రోజులుంది.

ఓడ మీదున్న 149 మందిలో 49 మంది బతికారు. దెబ్బతిన్న పడవల్ని సముద్రంలోనే బాగుచేసుకుని డార్విన్ వైపు తెడ్లు వేసినవాళ్లు కొందరు. తెప్ప మీద మిగిలినవాళ్లని డిసెంబరు 8న ఒక కాటలీనా నీటి విమానం చూసింది. సముద్రం బాగా లేచి ఉండడంతో దిగలేక వెళ్లిపోయింది. చేతులు పైకెత్తి ఊపుతున్న ఆ మనుషులు మళ్లీ ఎవరికీ కనబడలేదు.

ఇక్కడొక మాట అనకుండా ఉండలేను. చనిపోయిన 100 మందిలో సగానికి పైగా డచ్ ఈస్టిండీస్ దళంలోని స్థానిక సైనికులు, ఇప్పటి ఇండోనేషియా దీవుల పిల్లలు. ఆస్ట్రేలియా పుస్తకాల్లో వాళ్లు ఒక అంకె. వాళ్ల ఇళ్లకి ఏ కబురు వెళ్లిందో, అసలు వెళ్లిందో లేదో.

షీయన్ ఇంటికి టెలిగ్రాం వెళ్లింది. 1943లో నేవీ ‘మెన్షన్ ఇన్ డిస్పాచెస్’ ఇచ్చి సరిపెట్టింది. మన మాటల్లో చెప్పాలంటే, నివేదికలో ఒక మంచి మాట. ఆ యుద్ధంలో ఆస్ట్రేలియా నేవీకి అత్యున్నత సాహస పతకమైన విక్టోరియా క్రాస్ ఒక్కటీ రాలేదు, పతకాలు లండన్ దాకా వెళ్లి తేలాలి మరి. 1978లో చిత్రకారుడు డేల్ మార్ష్ టెడ్డీ బొమ్మ వేశాడు, అది కాన్‌బెర్రా యుద్ధ స్మారక సంస్థలో ఉంది. 1999లో కొత్త జలాంతర్గామికి షీయన్ పేరు పెట్టి, అతని సోదరి చేత జలప్రవేశం చేయించారు. కెప్టెన్లకూ అడ్మిరళ్లకూ దక్కే గౌరవం అట్టడుగు హోదా నావికుడికి దక్కడం ఆ నేవీలో అదే మొదలు.

కుటుంబం మాత్రం పతకం మాట వదల్లేదు. ఒక మేనల్లుడైతే దశాబ్దాల పాటు దరఖాస్తులు పెడుతూనే ఉన్నాడు. 2013లో విచారణ సంఘం కాదంది. 2019లో ట్రైబ్యునల్ ఇవ్వాల్సిందే అంది. 2020 మేలో ప్రభుత్వం మళ్లీ కాదంది. గొడవైంది, ఇంకో కమిటీ వేశారు, అది అవునంది. ప్రభుత్వ కార్యాలయాల చుట్టూ తిరిగిన ఏ తెలుగువాడికైనా ఈ వరస కొత్తగా ఉండదు. 2020 ఆగస్టులో అప్పటి బ్రిటన్ రాణి ఆమోదించింది. డిసెంబరు 1న, సరిగ్గా 78 ఏళ్లకి, గవర్నర్ జనరల్ చేతుల మీదుగా పతకం కుటుంబానికి అందింది. ఆస్ట్రేలియా నేవీకి అదే మొదటి విక్టోరియా క్రాస్.

ఆ యుద్ధం తర్వాతి మిగతా సంగతులు ఒక వరసలో చెప్పడం కష్టం. 1941 నవంబరు 19న 645 మందితో మాయమైన రెండో సిడ్నీ ఓడ 2008లో దొరికింది. ఆ ఓడ తెప్పలో క్రిస్మస్ దీవికి కొట్టుకొచ్చిన పేరు తెలియని నావికుడు టామ్ వెల్స్‌బీ క్లార్క్ అని, బంధువుల డీఎన్ఏతో 2021లో తేల్చారు. సుండా జలసంధిలో మునిగిన పెర్త్ అనే ఓడను తుక్కు దొంగలు ముక్కలు ముక్కలుగా పీక్కుపోయారు. ఏప్రిల్ 25న, యుద్ధాల్లో పోయినవాళ్లని తలుచుకునే అన్జాక్ డే కవాతులో మనవలు తాతల పతకాలు కుడి ఛాతీ మీద పెట్టుకుంటారు. ఎడమ వైపు సంపాదించినవాళ్లకే. సిడ్నీ, మెల్‌బోర్న్ బడుల్లో చదివే తెలుగు పిల్లలు ఆ తేడా అమ్మానాన్నలకి వివరిస్తున్నారు. 2015 సెప్టెంబరులో రెండు దేశాల నేవీలు తొలిసారి కలిసి విన్యాసాలు చేసింది మన విశాఖ దగ్గరే. ఆస్ట్రేలియా పంపిన జలాంతర్గామి షీయన్.

పతకాల పద్దు ఇంకా ముగియలేదు. ఆర్మిడేల్‌కు తొమ్మిది నెలల ముందు, 1942 మార్చి 4న, జావాకి దక్షిణాన యారా అనే చిన్న ఓడ జపాన్ క్రూయిజర్లకి ఎదురెళ్లి మునిగింది. 151 మందిలో 13 మంది మిగిలారు. ఓడ వదలమన్న ఆజ్ఞ వచ్చాక కూడా లీడింగ్ సీమన్ రొనాల్డ్ టేలర్ ఒక్కడే తుపాకీ దగ్గర ఉండిపోయి, చచ్చేదాకా కాల్చాడు. 2013 విచారణ చూసిన పేర్లలో అతనిదీ ఉంది. షీయన్‌కి కాదన్నట్టే టేలర్‌కీ కాదంది. ఓడకంతటికీ కలిపి 2014లో ఒక సాహస ప్రశంస ఇచ్చారు. విక్టోరియా క్రాస్ ఇవ్వలేదు.