చెద మందు, సొంటి కామేశం గారు, మన ట్రంకుపెట్టెలు



తొలకరి పడింది. సాయంత్రం దీపం పెట్టేసరికి ఉసిళ్ళు లేస్తున్నాయి. మన ఉప్పర్వాహి, గడ్‌చాందూర్ ఇళ్ళలో ఇప్పుడు ఒకటే మాట. ద్వారబంధం మీద మట్టి గీత కనబడింది, మందు కొట్టేవాడిని పిలవాలా వద్దా అని. "సిమెంటు ఫ్యాక్టరీ పక్కన ఉంటూ, సిమెంటుతో ఇల్లు కట్టుకుని, మనకు చెద ఏమిటండీ? అది మట్టి గోడల వాళ్ళ బాధ కదా" అని ఒకాయన అడిగారు. ఆయనకు జవాబు చెబుదామని కూర్చుంటే అది వందేళ్ళ కథ అయింది. ఆ కథలో ఒక తెలుగు పెద్దమనిషి ఉన్నారు. ఆయన పేరు మన పిల్లల్లో ఒక్కరికీ తెలియదని పందెం కాసి చెప్పగలను. కాస్త ఓపికగా చదవండి.

ముందు సిమెంటు సంగతి. చెద సిమెంటును తినదు, నిజమే. తినాల్సిన అవసరమూ లేదు. గచ్చుకీ గోడకీ మధ్య ఒక మిల్లీమీటరు సందు దొరికితే చాలు, అది పైకి వచ్చేస్తుంది. దాని ఊరు నేల కింద. చర్మం పల్చన కాబట్టి గాలి తగిలితే, ఎండ తగిలితే ఎండిపోతుంది. అందుకే ఎక్కడికి పోయినా తడి మట్టితో గొట్టం కట్టుకుని అందులోనే నడుస్తుంది. మీరు గోడ మీద చూసే మట్టి గీత అదే. దాన్ని చీపురుతో గీకేసి చెద పోయిందనుకోవడం అంటే, పట్టాలు పీకేసి రైలు పోయిందనుకున్నట్టే. స్టేషను ఎక్కడో ఉంది. ఇందాక చెప్పిన ఉసిళ్ళు కూడా వేరే పురుగులు కావు, రెక్కలొచ్చిన చెదలే. కొత్త ఊరు పెట్టడానికి బయలుదేరినవి. నేను తమిళ మీడియంలో చదువుకున్నవాణ్ణి. అక్కడ వీటిని ఈసల్ అంటారు, వేయించుకుని తింటారు కూడా. చెదను కరయాన్ అంటారు. మన మరాఠీ వాళ్ళు వాళవీ అంటారు. పేరు ఏదైనా చేసే పని ఒకటే.

ఆ తమిళ బడిలోనే విన్న కథ ఒకటి ఉంది. చిదంబరం గుడిలో ఒక గదిలో తేవారం పాటల తాటాకులు మూసిపెట్టి ఉండేవట. రాజరాజ చోళుడు వెళ్ళి తలుపు తీయిస్తే ఆకుల మీద పుట్ట పెరిగి ఉందట. కుండలతో నూనె పోయించి పుట్టను కరిగించి, మిగిలిన ఆకులు తీశారని సంప్రదాయం చెబుతుంది. పోయినవి పోగా దొరికినవే ఇవాళ పాడుతున్నారు. మన తాళ్ళపాక వారు అన్నమయ్య సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించారు కాబట్టి ఆ బాధ తప్పింది. నూనె పోయడం, తారు పూయడం, పసుపు, బూడిద, వేపాకు, ఇవీ మన పెద్దల చేతిలో ఉన్న మందులు. అన్నిటికంటే మంచి మందు చేవ. టేకు మాను లోపలి చేవను చెద ముట్టదు, ఆ కర్రలో సహజంగానే దానికి గిట్టని పదార్థం ఉంది. బయటి తెల్లచెక్కను మాత్రం అదే మానులోదైనా నమిలేస్తుంది. మన చంద్రాపూర్, అల్లాపల్లి అడవుల టేకుకు అంత పేరు రావడానికి ఒక కారణం ఇదే. మొన్న అయోధ్య గుడి తలుపులకు కూడా ఇక్కడి టేకే వెళ్ళింది కదా.

రైళ్ళు వచ్చాక లెక్క మారింది. మైలు పట్టాకు సుమారు రెండు వేల స్లీపర్లు కావాలి. బ్రాడ్ గేజ్ స్లీపరు అంటే రెండు మీటర్ల డెబ్బై అయిదు సెంటీమీటర్ల పొడవు, పాతిక సెంటీమీటర్ల వెడల్పు ఉన్న దుంగ. అది ఎప్పుడూ నేల మీదే పడి ఉంటుంది, వానకు తడుస్తుంది. చెదకు అంతకంటే విందు ఉండదు. టేకు, సాల్, దేవదారు తప్ప మిగతా కర్ర కొద్ది ఏళ్ళలోనే పొడి అయ్యేది. ఆ మూడూ ఎన్నని కొడతారు? ఇంగ్లండులో జాన్ బెథెల్ అనే ఆయన 1838లో ఒక పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. కర్రను ఇనుప సిలిండరులో పెట్టి, గాలి లాగేసి, బొగ్గు తారు నుంచి తీసిన క్రియోసోట్ నూనెను ఒత్తిడితో లోపలికి ఎక్కించడం ఆ పద్ధతి. అలా నూనె తాగించిన బాల్టిక్ దేశాల పైన్ స్లీపర్లు ఓడల్లో మన దేశానికి వచ్చాయి. తరవాత పంజాబులో ధిల్వాన్ దగ్గర మన రైల్వేలే క్రియోసోట్ ప్లాంటు పెట్టుకున్నాయి. 1929లో కాజీపేట - బల్లార్షా లైను కలిసి, మద్రాసుకూ ఢిల్లీకీ దారి తిన్నగా అయిన రోజుల్లో కూడా రైల్వేలకు పెద్ద బెంగల్లో ఇది ఒకటి: మంచి కర్ర కరువు, చవక కర్రకు చెద.

ఇక్కడ వస్తారు సొంటి కామేశం గారు. మన తెలుగాయన. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసేవారు. ఆయన ముందున్న ప్రశ్న చూడ్డానికి చిన్నది. విషం కలిపిన నీళ్ళు కర్రకు పట్టిస్తే చెద చస్తుంది, అది అందరికీ తెలుసు. కానీ నీళ్ళలో కరిగేది ఏదైనా వానకు మళ్ళీ కరిగి కారిపోతుంది. మొదటి రెండు వానలకే మందు మట్టిపాలు. నూనె మందు అయితే నిలుస్తుంది గానీ కంపు, జిడ్డు, ఖరీదు. ఇంట్లో దూలానికి ఎవరు పూస్తారు? నీళ్ళతో లోపలికి వెళ్ళాలి, వెళ్ళాక మళ్ళీ నీళ్ళతో బయటికి రాకూడదు. అదెలా?

ఆయన ముందు జర్మనీకి చెందిన బూజుల శాస్త్రవేత్త రిచర్డ్ ఫాల్క్‌తో కలిసి ఒక మందు చేశారు. ఇద్దరి పేర్లూ కలిపి దానికి ఫాల్కమేసం అని పేరు పెట్టారు. అందులో పాషాణం, డైక్రోమేట్ ఉన్నాయి. తరవాత 1933లో దానికి రాగి చేర్చారు. మూడు ఉప్పులు: పాషాణం, మైలుతుత్తం, డైక్రోమేట్. మైలుతుత్తం అంటే తమిళంలో కూడా అదే మాట, నెమలి రంగు తుత్తం. మన దేశంలో వాడుకలో స్థిరపడిన పాళ్ళు ఒకటి పాషాణం, మూడు మైలుతుత్తం, నాలుగు డైక్రోమేట్. పాషాణం పురుగును చూసుకుంటుంది, రాగి బూజును చూసుకుంటుంది. డైక్రోమేట్ పని మూడోది, అసలు తెలివి అక్కడే ఉంది. అది కర్ర పీచుతో కలిసి తన రూపం మార్చుకుంటూ మిగతా రెంటినీ నీళ్ళకు కరగని పదార్థంగా కట్టిపడేస్తుంది. కొన్ని రోజులు గడిచాక ఎంత వాన కురిసినా మందు చాలా వరకు కర్రలోనే ఉంటుంది. ఆర్సెనిక్ లోని రెండక్షరాలు, రాగికి రసాయనశాస్త్రంలో ఉన్న రెండక్షరాలు కలిపి దానికి అస్కు అని పేరు పెట్టారు. 1938లో అమెరికా పేటెంటు కూడా వచ్చింది.

ఆ తరవాత జరిగింది చూడండి. డెహ్రాడూన్‌లో ఒక తెలుగాయన కలిపిన మందు ప్రపంచంలోకెల్లా ఎక్కువ వాడిన కర్ర మందుల్లో ఒకటి అయింది. అమెరికాలో కరెంటు స్తంభాలు, ఇళ్ళ వరండాలు, పెరటి మెట్లు, పార్కుల్లో పిల్లల ఊయలల చట్రాలు, అన్నీ ఆ పచ్చటి కర్రతోనే దశాబ్దాలు కట్టారు. అక్కడ దాన్ని సీసీఏ అంటారు. పేరులో మన వాసన లేదు. మన సినిమా వాళ్ళ తాతల పేర్లు మనకు తెలుసు, ఈయన పేరు తెలియదు. నాకు ఇది కోపంగానే ఉంటుంది.

అయితే కథ అక్కడ ఆగలేదు. నిలవడమే ఆ మందు గొప్ప. తరవాత భయం పట్టుకున్నదీ ఆ నిలిచే విషంతోనే. వరండా కర్ర మీద ఆడుకున్న పిల్లల చేతులకు పాషాణం కొద్ది కొద్దిగా అంటుతోందని, మట్టిలోకి దిగుతోందని అమెరికాలో గోల పుట్టింది. 2003 చివరితో ఇళ్ళకు వాడే కర్రకు ఆ మందు పట్టించడం మానేశారు. స్తంభాలకు, పెద్ద కట్టడాలకు ఇంకా వాడుతున్నారు.

ఇంకో పక్క ఇళ్ళ పద్ధతే మారిపోయింది. కర్ర తగ్గింది, కాంక్రీటు వచ్చింది. దూలానికి మందు పెట్టడం కాదు, ఇంటి కింద మట్టికే మందు తాగించాలి అన్న ఆలోచన రెండో ప్రపంచ యుద్ధం తరవాత గట్టిపడింది. చెద ఊరు నేలలో ఉంది కాబట్టి, ఊరికీ ఇంటికీ మధ్య విషపు కంచె కట్టాలన్నమాట. క్లోర్డేన్, ఆల్డ్రిన్, డీల్డ్రిన్, హెప్టాక్లోర్ వచ్చాయి. మన దేశంలో 1971లో దీనికి ఐఎస్ 6313 అని ప్రమాణం పెట్టారు. ఆల్డ్రిన్ మట్టిలో డీల్డ్రిన్‌గా మారి ఏళ్ళ తరబడి ఉండేది. మళ్ళీ అదే కథ. మట్టిలోంచి నీటిలోకి, చేపలోకి, కొవ్వులోకి, తల్లిపాలలోకి వెళ్ళింది. 1996లో మన దేశం ఆల్డ్రిన్‌ను నిషేధించింది. 2001లో స్టాక్‌హోం ఒప్పందంలో ప్రపంచమంతా తీసెయ్యాలన్న మొదటి పన్నెండు రసాయనాల జాబితాలో ఈ నాలుగూ ఉన్నాయి.

వాటి చోట క్లోర్‌పైరిఫాస్ వచ్చింది. మన వైపు చాలామంది మందు కొట్టే కుర్రాళ్ళ దగ్గర ఇంకా ఉండేది ఇదే, ఘాటు వాసన. పిల్లల మెదడు ఎదుగుదలకు మంచిది కాదని అమెరికాలో 2000 నుంచి ఇళ్ళలో వాడకం తగ్గిస్తూ ఆపేశారు. ఇప్పుడు ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్ వచ్చాయి. వీటికి వాసన లేదు, చెదకూ తెలియదు. కంచె అని తెలియక దాటి వెళ్ళి, ఒంటికి అంటించుకుని, గూటిలో మిగతావాటికి కూడా పంచి చస్తుంది.

మన దగ్గర ఒక చిక్కు ఉంది, నగరాల్లో ఉండదు. మన కోర్పనా, రాజురా నేల నల్లరేగడి. వేసవిలో చేయి దూరేంత పగుళ్ళు. పునాది పక్క మట్టి ఎండి గోడ నుంచి విడిపోతుంది, కంచె తెగుతుంది. దాని మీద మనవాళ్ళు గోడ పక్కనే పూలమొక్కలకు తవ్వుతారు, కొత్త పైపు వేస్తారు. మందు వేసిన మట్టిని కదిపితే అక్కడికి మందు లేనట్టే. పదేళ్ళ గ్యారంటీ అని కాగితం ఇచ్చేవాడిని ఈ ఒక్క మాట అడిగి చూడండి.

మందు ఎలా వేయాలో ప్రమాణంలోనే ఉంది, అందులో రహస్యం లేదు. కొత్త ఇల్లు కడుతుంటే గచ్చు వేయకముందు చదరపు మీటరుకు 5 లీటర్లు, పునాది పక్క నిలువు భాగానికి చదరపు మీటరుకు 7.5 లీటర్లు. కట్టేసిన ఇంటికైతే గోడా గచ్చూ కలిసేచోట ముప్పై సెంటీమీటర్లకు ఒక కన్నం వేసి, ఇక పట్టదు అనేదాకా లేదా కన్నానికి ఒక లీటరు దాకా పోయాలి. ఇరవై శాతం క్లోర్‌పైరిఫాస్ అయితే లీటరుకు 19 లీటర్ల నీళ్ళు. ముప్పైన్నర శాతం ఇమిడాక్లోప్రిడ్ అయితే పది లీటర్ల నీళ్ళకు 21 మిల్లీలీటర్లు. డబ్బా సీలు మీ కళ్ళ ముందు తీయమనండి. పంపుతో గోడ మీద జల్లి అరగంటలో వెళ్ళిపోతే అది మందు కాదు, అభిషేకం. బావి, బోరు దగ్గరుంటే ఆ పక్క వేయనివ్వకండి.

ఇంతగా ఎందుకు రాస్తున్నానంటే, మన ఇళ్ళలో చెద తినేది తలుపు ఒక్కటే కాదు. రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. తరవాత నాందేడ్‌లోకి, 1959లో చాందాలోకి వచ్చింది. మన తాతలు ఊరు మారలేదు, కచేరీ మారింది. పాత కాగితాలు ఉర్దూలో ఉన్నాయి, ఒక్కటే ప్రతి, అదీ అటక మీద ట్రంకుపెట్టెలో. ఇవాళ కుల ధృవీకరణకు వెళితే మహారాష్ట్రలో షెడ్యూల్డు కులాలకు 1950 ఆగస్టు 10, షెడ్యూల్డు తెగలకు 1950 సెప్టెంబరు 6, విముక్త, సంచార జాతులకు 1961 నవంబరు 21, ఓబీసీలకు 1967 అక్టోబరు 13 నాటికి ఇక్కడే ఉన్నట్టు రుజువు అడుగుతారు. ఆ రుజువు ఒక బడి దాఖలా, ఒక శిస్తు రశీదు. చెద పట్టిన కట్టలోంచి నేను స్వయంగా తీసి చూసిన సర్వీసు రికార్డులు ఉన్నాయి. అట్ట బాగుంటుంది, మధ్యలో పేరు, పుట్టిన తేదీ ఉన్న చోట జల్లెడ. ఒక గ్యాంగుమన్ భార్యకు పెన్షను రావడానికి అలాంటి జల్లెడ వల్ల రెండేళ్ళు పట్టింది.

కాబట్టి పెట్టెను గోడకు ఆనించి పెట్టకండి. జానెడు ఎడంగా, ఇటుకల మీద కాదు, ఇనుప స్టాండు మీద పెట్టండి. మూడు నెలలకోసారి తెరిచి ఎండకు చూపించండి. కాగితాలను ఫోటో తీసి పిల్లల ఫోన్లలో వేరే వేరే చోట్ల ఉంచండి. ఉర్దూ కాగితం చదివించుకోవాలంటే నాకు చెప్పండి, చదివే పెద్దాయన ఒకరు బల్లార్షాలో ఉన్నారు.

ఇంకొక్క సంగతి. పాత రైల్వే స్లీపర్లు, పాత కరెంటు స్తంభాలు చవకగా వస్తున్నాయని కొని పశువుల కొట్టానికి వేస్తున్నారు, మిగిలిన ముక్కలు పొయ్యిలో పెడుతున్నారు. నల్లగా కంపు కొట్టేది క్రియోసోట్, పచ్చగా ఉన్నది కామేశం గారి మందు. రెండూ పొయ్యిలో పెట్టకూడదు. పచ్చ కర్ర బూడిదలో పాషాణం అలాగే ఉంటుంది, ఆ బూడిదతో గిన్నెలు తోమకండి, పాదులకు వేయకండి.