ఉమ్రా ప్రయాణంలో మొబైల్ డేటా: ముందే చూసుకోవాల్సినవి

గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తూ వారం సెలవులో ఉమ్రాకు వెళ్లేవారికి ఫోన్‌లో డేటా తప్పనిసరి. మదీనాలో రియాజుల్ జన్నాలో నమాజుకు పర్మిట్ నుసుక్ యాప్‌లోనే తీసుకోవాలి.

రోమింగ్ ప్యాక్: మన నంబరే పనిచేస్తుంది. విమానం ఎక్కకముందే వేయించుకోవాలి.

లోకల్ సిమ్: జెద్దా ఎయిర్‌పోర్టులో ఎస్‌టీసీ, మొబైలీ, జైన్ సిమ్‌లు దొరుకుతాయి. పాస్‌పోర్టు చూపించి వేలిముద్ర ఇవ్వాలి.

ఈ-సిమ్: ఇంట్లో వైఫై ఉండగానే వేసుకోవచ్చు. ఐఫోన్లలో 2018 నాటి ఎక్స్‌ఎస్, ఎక్స్‌ఆర్ నుంచి ఈ సౌకర్యం ఉంది. చాలావాటిలో డేటా మాత్రమే వస్తుంది, కాల్స్ ఉండవు.

లోకల్ సిమ్, ఈ-సిమ్ ఏది వాడినా ఇండియా సిమ్‌ను పక్కన పెట్టేయొద్దు. బ్యాంకు ఓటీపీ దానికే వస్తుంది. దానికి ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించి, డేటా రోమింగ్ మాత్రం ఆఫ్‌లో ఉంచాలి. లేదంటే బిల్లు చూసి గుండె ఆగినంత పనవుతుంది.

దుబాయ్‌లో దిగితే వాట్సాప్ కాల్స్ కలవవు, మెసేజ్‌లు వెళ్తాయి. అమ్మీ, అబ్బా కంగారుపడకుండా ముందే చెప్పి వెళ్లడం మంచిది.