చిల్లిగవ్వ

నాన్న మిధాని ఫ్యాక్టరీలో పనిచేసిన రోజుల్లో మా కాపురం హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో. వేసవి మధ్యాహ్నాలు అమ్మమ్మ గచ్చు మీద సుద్దతో గళ్లు గీసి అష్టాచెమ్మాకు పిలిచేది. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, బోర్లా పడితే అష్టా. ఓసారి ఒక గవ్వ గడప అంచుకు తగిలి వీపు పగిలింది. "ఇక ఇది చిల్లిగవ్వే" అని అమ్మమ్మ పక్కన పెట్టేసింది.

పక్క సందులో ఇల్లు కడుతున్నారు. మంచినీళ్లకు వచ్చిన లంబాడీ అమ్మ పేటియా (లంగా) అంచున వరసగా గవ్వలు. దగ్గరకెళ్లి చూస్తే ఒక్కదానికీ వీపు లేదు. పళ్లున్న నోరు మాత్రం పైకి, వెనక రంధ్రంలోంచి దారం. పగిలినదాన్ని చూపిస్తే, "గిట్ల చిల్లి వడ్డదే గద బిడ్డా కుట్టనీకి పనికొచ్చేది" అంది.

సముద్రం మాకు వందల కిలోమీటర్ల దూరం. ఈ గవ్వలకు పేరుపడ్డ చోటు మాల్దీవులు. 1343లో అక్కడికి వెళ్లి ఖాజీగా పనిచేసిన యాత్రికుడు ఇబ్న్ బతూతా గవ్వలు తీసే పని గురించి రాసిపెట్టాడు: సముద్రంలో ఏరిన గవ్వల్ని గోతుల్లో వేస్తారు, లోపలి మాంసం కుళ్లిపోయి తెల్లటి గుల్ల మిగులుతుంది. బెంగాల్ వాళ్లు వాటిని బియ్యమిచ్చి కొనుక్కుని డబ్బుగా వాడేవారు. నాలుగైతే ఒక గండా, ఇరవై గండాలు ఒక పణం. ఒకప్పుడు బెంగాల్‌లో రూపాయికి 5,120 గవ్వలు లెక్క. దొంగ గవ్వ చేయడం ఎవరి తరం? మన పొరుగున ఒడిశాలో పన్నులూ గవ్వల్లోనే కట్టేవారు. 1803లో వచ్చిన ఈస్టిండియా కంపెనీ వెండి రూపాయలే కావాలంది. గవ్వ విలువ పడిపోయింది, రైతు మునిగాడు. అక్కడి 1817 పైకా తిరుగుబాటు వెనకున్న మంటల్లో ఇదొకటి.

రైళ్లు రాకముందు ఎడ్ల మీద ఉప్పూ ధాన్యమూ దక్కను నిండా మోసిన జాతి బంజారాలు, అంటే ఈ లంబాడీలే. గవ్వ వాళ్ల బట్టల్లోకి చేరిందంటే నాకు వింతగా తోచదు. బజారులో చెల్లనిది ఆ లంబాడీ అమ్మ పేటియా అంచుకు కావలసినదైంది. "చిల్లిగవ్వ కూడా లేదు" అని ఎవరైనా అంటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఆ పగిలిన గవ్వ ఆమెకే ఇచ్చాను. కొంగు చివర ముడేసుకుని తట్ట ఎత్తుకుంది. నాలుగో గవ్వకు బదులు అమ్మమ్మ ఒక చింతగింజను గచ్చు మీద రుద్ది, ఒక పక్క తెల్లగా అరగదీసింది.